మారనిది ఏది? – త్రైరాశికమును గూర్చియు, వాలును గూర్చియు

పల్నాటిలో నాగులేటి యొడ్డున వెలసిన దాచేపల్లి చుట్టుప్రక్కల పత్తితీతలు ముమ్మరముగా సాగు దినములలో, ప్రొద్దు వాలువేళకు చేనిగట్టుమీదికి కాటా వచ్చును. తీసిన పత్తిని మూటగట్టుకొని యొకరి వెనుక నొకరుగా వచ్చు కూలివారు తమ తమ మూటలను తూకమునకు పెట్టుదురు. తూకము పలుకగనే, కిలో యొక్కింటికి ఇంత యని ముందుగా కుదుర్చుకొన్న రేటునుబట్టి, తనకు రావలసిన కూలి యెంతో, ఎన్నడును బడిగడప త్రొక్కని స్త్రీయు లెక్క వ్రాయువానికంటె ముందే చెప్పగలదు. ఆమె కుమారుడు అదే యూరి బడిలో ఎనిమిదవ తరగతి చదువుచు, గణితపుస్తకమున అనులోమానుపాతమను పాఠము క్రింద అచ్చముగా నదే లెక్క నాలుగు వాక్యములలో ముద్రింపబడి యుండగా చూచి, గుణింపవలెనా భాగింపవలెనా యని తటపటాయించుచుండుటయు కలదు. కాటా దగ్గర ఏది మారుచున్నదో, ఏది మారక నిలిచియున్నదో కంటి కెదురుగా కనబడుచుండును. పుస్తకములో నా రెండును వాక్యముల చాటున దాగియుండును. పదసమస్యలోని కష్టమంతయు ఇచ్చటనే యున్నది. గుణకారమును భాగహారమును చక్కగా నెరిగిన విద్యార్థి సయితము ఆ దాగిన దానిని వెదకి పట్టుకొనుట నేర్వనిచో, ఎన్ని సూత్రములను కంఠస్థము చేసినను వానిని ఎక్కడ వాడవలెనో, ఎక్కడ వాడరాదో తెలియక తికమక పడును.

కిలోకు 12 రూపాయల చొప్పున కూలి కుదిరిన దనుకొందము. 30 కిలోలు తీసిన వారికి 360 రూపాయలు, 45 కిలోలు తీసిన వారికి 540 రూపాయలు, 52 కిలోలు తీసిన వారికి 624 రూపాయలు వచ్చును. తూకములు వేరు, కూలిసొమ్ములు వేరు. అయినను ఏ సొమ్మును దాని తూకముచే భాగించి చూచినను 12 మాత్రమే వచ్చును. ఇట్లు రెండు రాశులు తాము మారుచు, తమ నిష్పత్తిని మాత్రము మారనీయకుండుటయే అనులోమానుపాతము. దీనికి రెండు ఆనవాళ్ళు కలవు: ఒక రాశి రెండింతలైనప్పుడు రెండవదియు రెండింతలు కావలెను, ఒకటి సున్న యైనప్పుడు రెండవదియు సున్న కావలెను. పత్తి తీయనివారికి కూలి లేదు గదా! ఈ రెండవ యానవాలు మిక్కిలి సామాన్యముగా తోచుటచేత దానిని పరీక్షించువారు అరుదు. కాని పదసమస్యలలో జరుగు పొరపాట్లలో పెద్ద భాగము దానిని పరీక్షింపకపోవుటవలననే జరుగుచుండునని మున్ముందు చూడగలము.

మన పూర్వులు ఈ విషయమును త్రైరాశికమను పేర పండ్రెండు పదుమూడు శతాబ్దులకు పైగా బోధించుచు వచ్చిరి. క్రీస్తు శకము 499లో రచింపబడిన ఆర్యభటీయమున ఆర్యభటుడు దీనిని సూత్రీకరించినాడు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతమున దీనిని వివరించినాడు. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు లీలావతిలో, శ్రీహరి విశ్వమంతట వ్యాపించియున్నట్లు త్రైరాశికము గణితమంతట వ్యాపించియున్నదని కొనియాడినాడు. తెలిసిన మూడు రాశులకు ప్రమాణము, ఫలము, ఇచ్ఛ యని పేర్లు. తెలియవలసిన నాలుగవది ఇచ్ఛాఫలము. 30 కిలోలు ప్రమాణము, 360 రూపాయలు దాని ఫలము, 52 కిలోలు ఇచ్ఛ. ప్రమాణమును ఇచ్ఛయు ఒకే జాతికి చెందినవి కావున వానిని మొదటను చివరను నిలిపి, వేరుజాతికి చెందిన ఫలమును నడుమ నుంచి, ఫలమును ఇచ్ఛచే గుణించి ప్రమాణముచే భాగింపుమని శాస్త్రము. 360ని 52చే గుణించి 30చే భాగించినచో 624 వచ్చును. సజాతీయములను గుర్తించి వాని వాని స్థానములలో నిలుపుమని చెప్పుటలోనే, లెక్క చేయుటకంటె ముందు లెక్కను చదువవలెనను హెచ్చరిక యిమిడియున్నది.

ఈ శాస్త్రమునకు మన భాషతోను, మన మైదానముతోను గల అనుబంధము కూడ సామాన్యమైనది కాదు. రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమున, తొమ్మిదవ శతాబ్దిలో, జైనగణితజ్ఞుడగు మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. అందు త్రైరాశికమునకు ప్రత్యేకముగా ఒక ప్రకరణము కలదు. ఆ గ్రంథమును తెనిగించి పద్యరూపమున మన కందించినవాడు పావులూరి మల్లన. ఇప్పటి బాపట్ల జిల్లాలో, ఇంకొల్లునకు చేరువనున్న పావులూరే ఆయన యింటిపేరునకు మూలమైన గ్రామము. పత్తియు మిరపయు పండు గుంటూరు ప్రకాశము నేలలలోనిదే యా యూరు. మల్లన కేవలము మక్కికి మక్కిగా అనువదించుటతో తృప్తిపడక, మూలములోని ఉదాహరణములను పలుచోట్ల విడిచి, తన పాఠకులకు పరిచితమైన విషయములతో క్రొత్తలెక్కలు కల్పించెను. తెలుగున శాస్త్రగ్రంథములు లేని కాలమున, కందములలోను సీసములలోను గణితమును చెప్పుటకు ఆయన పూనుకొనుట సాహసమే. సంస్కృతమూలము 1912లో మద్రాసున యం. రంగాచార్యుల ఆంగ్లానువాదముతో అచ్చయి పండితలోకమునకు తెలియవచ్చుటకు ఎన్నో శతాబ్దులకు పూర్వమే, తెలుగు కరణములును వర్తకులును ఆ విద్యను తమ భాషలో చదువుకొనగలిగిరి. పరిచితమైన వస్తువుతో లెక్క కట్టుటయే పదసమస్యకు ప్రాణమని మల్లన గ్రహించియుండెను. నేటి ఉపాధ్యాయులు ఆయననుండి నేర్వదగిన దిదియే.

త్రైరాశికము మన దేశముననే నిలిచిపోలేదు. పదకొండవ శతాబ్దిలో అల్ బిరూనీ భారతీయుల రాశిగణితమును గూర్చి అరబ్బీభాషలో ప్రత్యేకముగా ఒక గ్రంథమునే వ్రాసెను; తరువాతి కాలమున ఐరోపా వర్తకులు దానికి సువర్ణసూత్రమను బిరుదు నిచ్చి తమ పిల్లలకు నేర్పించిరి. మన దేశమున దాని యవసరము మొన్నమొన్నటి దాక ఎంతగానో యుండెడిది. 8 వీసెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ; 12 పైలు ఒక అణా, 16 అణాలు ఒక రూపాయి – ఇట్టి కొలతలలో మిరపకాయలు కొని యమ్మవలసిన వర్తకునకు, బారువ ధర తెలిసినచో మూడు మణుగుల ఐదు వీసెల వెల కట్టుట చిన్నపని కాదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు చెలామణిలోనికి వచ్చి, ఆ తరువాత మెట్రిక్ తూనికలు అమలైన పిదప గణనభారము తేలికపడినది. కాని భారము తగ్గినంత మాత్రమున వివేచన యొక్క ఆవశ్యకత తగ్గలేదు. సెల్‌ఫోనులోని గణనయంత్రము గుణించి భాగించి యిచ్చును. దేనిని దేనిచే గుణింపవలెనో మాత్రము అది చెప్పజాలదు.

త్రైరాశికము ఒక్క ప్రశ్నకు ఒక్క సమాధానమును మాత్రమే యిచ్చును. ప్రశ్నలన్నిటికిని సమాధానములను ఒకేసారి చూపగల సాధనమును సమకూర్చుకొనుటకు మానవజాతి మరికొంతకాలము వేచియుండవలసి వచ్చినది. 1637లో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ తన జ్యామితిగ్రంథమున బీజగణిత సమీకరణమునకును రేఖకును గల సంబంధమును స్థాపించెను. నేటి బడిపిల్లలు గళ్ళకాగితముమీద గీయు రేఖాచిత్రములకు పునాది యిదియే. అడ్డుగీతమీద కిలోలను, నిలువుగీతమీద రూపాయలను గుర్తించి, పైని చెప్పిన మూడు తూకములకును మూడు చుక్కలు పెట్టినచో, ఆ మూడును ఒకే సరళరేఖమీద పడును. ఆ రేఖను క్రిందికి పొడిగించినచో అది రెండు అక్షములును కలిసికొను మూలబిందువు గుండా పోవును. ఇరువదిమంది కూలివారు ఇరువది తూకములు తూచినను, వారి చుక్కలన్నియు ఆ గీతమీదనే కూర్చుండవలెను. ఏదేని ఒక చుక్క గీత తప్పి పడినచో తూకములోనో లెక్కలోనో పొరపాటు జరిగినదని రేఖయే సాక్ష్యమిచ్చును.

ఈ రేఖ యెంత నిటారుగా లేచుచున్నదో తెలుపు సంఖ్యకే గణితమున వాలు అని పేరు. రేఖమీద ఏవైనను రెండు చుక్కలను గ్రహించి, నిలువున కలిగిన భేదమును అడ్డమున కలిగిన భేదముచే భాగించినచో వాలు లభించును. 30 కిలోలనుండి 45 కిలోలకు పోవునప్పటికి తూకము 15 పెరిగినది. కూలి 360నుండి 540కి, అనగా 180 రూపాయలు, పెరిగినది. 180ని 15చే భాగించినచో 12. చేనిగట్టుమీద కుదిరిన రేటే కాగితముమీద వాలై కనబడినది. పోటీ హెచ్చి కూలివారు దొరకని వారమున రేటు 15 రూపాయలైనచో రేఖ మరింత నిక్కుగా నిలుచును. 10 రూపాయలకు దిగినచో వ్రాలిపోవును. ఇట్లు రేటు, నిష్పత్తి, వాలు అను మూడు పేర్లతో మూడు పాఠములలో విద్యార్థికి కనబడునది వాస్తవమున ఒక్కటే. వానిని మూడు వేర్వేరు సూత్రములుగా నేర్చినవాడు మూడింటిని మరచును. ఒక్కటిగా నేర్చినవాడు దేనిని మరచినను మిగిలిన రెండింటినుండి తిరిగి రాబట్టుకొనును.

వాలు భూమిమీదను కలదు. రైలుమార్గముల ప్రక్కన వాలును తెలుపుటకై నాటిన పలకలను ప్రయాణికులు చూచియుందురు. 200 అని వ్రాసియున్నచో, 200 మీటర్లు పోవునప్పటికి పట్టా ఒక్క మీటరు ఎత్తుకు ఎక్కుననియో పల్లమునకు దిగుననియో యర్థము. నాగార్జునసాగరమునుండి పల్నాటి మీదుగా సాగిపోవు కుడికాలువ పొడవు 203 కిలోమీటర్లు. కాలువ వాలు మరీ ఎక్కువైనచో నీటివేగమునకు గట్లు కోసుకొనిపోవును; మరీ తక్కువైనచో ఒండ్రు పేరుకొని కాలువ పూడును; కావున ఇంజనీర్లు ఈ రెంటికి నడుమ మిక్కిలి స్వల్పమైన వాలును ఎన్నుకొందురు. మాటవరుసకు 10,000 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు పెట్టిరనుకొన్నచో, 203 కిలోమీటర్లకు కలిగెడి పల్లము 20.3 మీటర్లు మాత్రమే. పత్తికూలి లెక్కలో వాలునకు 'కిలోకు రూపాయలు' అను కొలత కలదు. కాలువలో మీటరును మీటరుచేతనే భాగించుటచేత వాలు కొలత లేని శుద్ధసంఖ్యయై నిలుచును. పదసమస్యను సాధించునప్పుడు వచ్చిన సంఖ్య ప్రక్కన దాని కొలతను వ్రాయు నలవాటు చేసికొన్నవానికి, సగము తప్పులు అచ్చటికచ్చటనే బయటపడును.

ప్రాచీనులు ఛాయావ్యవహారమను పేర ప్రత్యేకముగా పరిశీలించిన లెక్కలును ఈ కోవలోనివే. రెండు మీటర్ల కఱ్ఱను నిలువుగా పాతినప్పుడు దాని నీడ మీటరున్నర పడినదనుకొందము. అదే క్షణమున ప్రక్కనున్న తాటిచెట్టు నీడ 12 మీటర్లున్నచో చెట్టు ఎత్తు 16 మీటర్లని, చెట్టెక్కకయే చెప్పవచ్చును. ఇచ్చట మారక నిలిచినది సూర్యకిరణము యొక్క వాలు. అది కఱ్ఱకును చెట్టునకును ఒక్కటే. అయితే కఱ్ఱనీడను ఉదయమునను చెట్టునీడను మధ్యాహ్నమునను కొలిచినచో ఈ లెక్క చెల్లదు. మారనిది ఎంతసేపు మారకుండునో కూడ విచారింపవలెనని ఈ లెక్క మనకు నేర్పును.

దాచేపల్లి, పిడుగురాళ్ళ ప్రాంతములకు సున్నపురాయి ప్రకృతి ప్రసాదించిన సంపద. ఇచ్చటి సున్నపుబట్టీలలో రాయి కాలునప్పుడు జరుగు వ్యాపారము అనుపాతమునకు అత్యుత్తమమైన దృష్టాంతము. ఏలయన ఇందు రేటును నిర్ణయించునది మనుష్యుడు కాడు, ప్రకృతి. సున్నపురాయిలోని ముఖ్యపదార్థము కాల్షియం కార్బొనేటు. అది తీవ్రమైన వేడిమికి విడిపోయి, బొగ్గుపులుసు వాయువును గాలిలోనికి విడిచి, పొడిసున్నమై మిగులును. శుద్ధమైన రాయి 100 కిలోలు కాలినచో 56 కిలోల సున్నము మిగులును, 44 కిలోల వాయువు పోవును. 250 కిలోలకు 140 కిలోలు. ఒక టన్నునకు 560 కిలోలు. రేఖ మూలబిందువు గుండా పోవును. దాని వాలు 0.56. బట్టీయజమాని బేరమాడి ఈ సంఖ్యను పెంచుకొనజాలడు. రాతిలో మట్టియు ఇసుకయు కలిసినను, రాయి పూర్తిగా కాలకపోయినను తూకము వేరుగా వచ్చును. అట్లు వచ్చినప్పుడు ఈ 0.56తో పోల్చి చూచి రాతి నాణ్యమును, బట్టీ పనితనమును అంచనా కట్టవచ్చును. మారని సంఖ్య తెలిసియున్నవానికి మార్పునకు కారణమును వెదకుట సులభము.

పత్తియందును ఇట్టి నిష్పత్తి యొకటి కలదు, కాని అది ప్రకృతి శాసించినంత ఖండితమైనది కాదు. గింజతో కూడిన పత్తిని జిన్నింగు మిల్లులో ఆడించినప్పుడు దాదాపు మూడవవంతు దూది వచ్చును. మిగిలినది ప్రధానముగా గింజ. 100 కిలోలకు 34 కిలోల దూది వచ్చినదనుకొన్నచో, 170 కిలోల బేలు ఒక్కటి కట్టుటకు ఐదు క్వింటాళ్ళ పత్తి వలయును. 60 క్వింటాళ్ళ పత్తిని మిల్లునకు తోలిన రైతుసంఘమునకు 12 బేళ్ళు రావలెను. ఇందు రెండు అనుపాతములు గొలుసుకట్టుగా ఉన్నవి: పత్తినుండి దూదికి ఒకటి, దూదినుండి బేలునకు మరియొకటి. ఒకదాని ఇచ్ఛాఫలము రెండవదానికి ఇచ్ఛ యగును; వాలులు రెండును గుణింపబడును. విద్యార్థులను భయపెట్టు పెద్ద పదసమస్యలలో చాల భాగము ఇట్టి గొలుసులే. కొక్కెము కొక్కెముగా విడదీసినచో ఒక్కొక్కటి పత్తికాటా లెక్కకంటె కఠినమైనది కాదు.

నీటిలెక్కలు దినపత్రికలలో ప్రతివర్షాకాలమునను కనబడుచుండును. ఒక క్యూసెక్కు అనగా సెకనునకు ఒక ఘనపుటడుగు నీరు. దినమునకు 86,400 సెకనులు కావున, ఒక క్యూసెక్కు చొప్పున దినమంతయు పారిన నీరు 86,400 ఘనపుటడుగులు. ఎకరము వైశాల్యము 43,560 చదరపుటడుగులు. అనగా ఆ నీరు ఎకరము నేలమీద దాదాపు రెండడుగుల లోతున నిలుచును. టి.ఎం.సి. అనగా నూరుకోట్ల ఘనపుటడుగులు; దానిని 86,400చే భాగించినచో సుమారు 11,574. కావున 11,574 క్యూసెక్కుల ప్రవాహము ఒక దినము పారినచో ఒక టి.ఎం.సి. యగును. సాగరు కుడికాలువను మొదటిలో 11,000 క్యూసెక్కులు పారునట్లు రూపొందించిరి. అది నిండుగా పారు దినమున 0.95 టి.ఎం.సి. నీటిని కొనిపోవును. 11,574 అను ఈ ఒక్క సంఖ్యను గుర్తుంచుకొన్న రైతు పత్రికలోని అంకెలను చదివి, జలాశయమునుండి తన సీమకు ఎన్ని దినములు నీరు వచ్చునో తానే అంచనా కట్టుకొనగలడు.

ఇంతవరకు త్రైరాశికము చెల్లు చోట్లను చూచితిమి. అది చెల్లని చోట్లను చూడనిచో ఈ విద్య సగమే యగును. గుంటూరు మిర్చియార్డునకు టిక్కీలను, అనగా మిరపకాయల బస్తాలను, చేరవేయు వాహనము కిరాయిని గూర్చి విచారింతము. 20 కిలోమీటర్లకు 1,100 రూపాయలు, 44 కిలోమీటర్లకు 1,700 రూపాయలు కిరాయి యయినదనుకొందము. త్రైరాశికమును ప్రయోగించినచో 44 కిలోమీటర్లకు 2,420 రూపాయలు కావలెను, అట్లు కాలేదు. వాహనస్వామి దయాళువై తగ్గించినాడా? వాలును కట్టి చూతము. దూరము 24 కిలోమీటర్లు పెరుగగా సొమ్ము 600 రూపాయలు పెరిగినది. కావున వాలు కిలోమీటరునకు 25 రూపాయలు. ఆ లెక్కను 20 కిలోమీటర్లకు 500 రూపాయలే. మిగిలిన 600 రూపాయలు ఎగుమతి కూలి, డ్రైవరు బత్తా మొదలగు వానికై, బండి కదలినను కదలకున్నను ఇయ్యవలసినవి. ఇచ్చటను రేఖ సరళరేఖయే. కాని అది మూలబిందువు గుండా పోదు. నిలువు అక్షమును 600 వద్ద ఖండించి పైకి పోవును. సున్నకు సున్న యను ఆనవాలును పరీక్షింపనివాడు మోసపోవునని మొదటనే చెప్పినది ఇందులకే.

మరియొక బండివాడు ఎగుమతి ఖర్చులేవియు వేరుగా అడుగక, కిలోమీటరునకు 45 రూపాయల చొప్పున వచ్చెదననినచో, రైతు ఎవరిని పిలువవలెను? రెండు రేఖలను ఒకే కాగితముమీద గీసినచో అవి 30 కిలోమీటర్ల వద్ద కలిసికొనును; అచ్చట ఇరువురికిని 1,350 రూపాయలే. అంతకు దగ్గరిదూరమునకు రెండవవాడును, దూరపు ప్రయాణమునకు మొదటివాడును చౌక. వాలు తక్కువైనవాడు మొదట ఎక్కువ పుచ్చుకొన్నను తుదకు తక్కువకే పోవునను వ్యవహారజ్ఞానమును ఈ రెండు గీతల కూడలి ఒక్కచూపులో బోధించును.

మిరపకోతలలో మరియొక విధమైన లెక్క తగులును. ఒక చేను 12 మంది కోసినచో 5 దినములు పట్టును. 20 మందిని పెట్టినచో ఎన్ని దినములు? నేరుగా త్రైరాశికము చేసినవానికి 8 దినములకు పైగా వచ్చును. మనుష్యులు పెరిగినకొలది పని ఆలస్యమగునని చెప్పు ఆ సమాధానమును చూచి చేనిలోని వారందరు నవ్వుదురు. ఇచ్చట మారనిది నిష్పత్తి కాదు, లబ్ధము: 12ను 5చే గుణించిన 60 దినకూలీలు ఆ చేనికి కావలెను, 60ని 20చే భాగించినచో 3 దినములు. దీనిని ప్రాచీనులు వ్యస్తత్రైరాశికమనిరి, నేటి పుస్తకములు విలోమానుపాతమనుచున్నవి. దీని చిత్రము సరళరేఖ కాదు. రెండు అక్షములకును చేరువగుచు దేనిని తాకని వక్రరేఖ. దానికి అంతటను ఒకే వాలు లేదు.

వాలు తావుతావునకు మారుటకు మన ప్రాంతపు గొప్ప నిదర్శనము నాగార్జునసాగరమే. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ జలాశయమునుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచిరి. దీని పూర్తి నీటిమట్టము 590 అడుగులు. తొలుత 408 టి.ఎం.సి.లు పట్టగలదని లెక్కించిన జలాశయము పూడిక పేరుకొనుటచే ఇప్పుడు 312 టి.ఎం.సి.లు పట్టును. నీటిమట్టము 510 అడుగులకు దిగినప్పుడు ఎంత నీరుండును? 590కి 312 అయినచో 510కి ఎంత యని త్రైరాశికము చేసినవానికి దాదాపు 270 టి.ఎం.సి.లు వచ్చును. కాని అచ్చట ఉండునది సుమారు 132 టి.ఎం.సి.లు మాత్రమే. ఇంత వ్యత్యాసమునకు రెండు కారణములు కలవు. మొదటిది, 590 అడుగులనునది నీటి లోతు కాదు, సముద్రమట్టమునుండి కొలిచిన ఎత్తు. కావున సున్న అడుగులకు సున్న నీరనుమాటకు ఇచ్చట అర్థమే లేదు. రెండవది, కొండల నడుమ నున్న జలాశయము అడుగున ఇరుకై పైకి పోనుపోను విశాలమగును. పైభాగమున ఒక్క అడుగునకు దాదాపు 3 టి.ఎం.సి.లు పట్టగా, 510నుండి 590 వరకు సగటున అడుగునకు 2.25 టి.ఎం.సి.లే పట్టును. మట్టము నిండు గీతకు దగ్గరగా ఉన్నప్పుడు అడుగు తగ్గినదన్న వార్తయు, అట్టడుగున ఉన్నప్పుడు అడుగు తగ్గినదన్న వార్తయు సమానమైనవి కావు. ఒక్కొక్క బిందువు వద్ద వాలు ఎంతయని విచారించు శాస్త్రమే కలనగణితము. పైతరగతులలో దానిని చదువబోవువానికి సాగరు నీటిమట్టపు పట్టికకంటె మంచి ప్రవేశద్వారము దొరకదు.

కల్లములలో మిరపకాయలు ఆరబోసిన రైతునకు ఎదురగు లెక్క వీనియన్నిటికంటె నేర్పుగా మోసగించును. 100 కిలోల పండుమిరపలో నూటికి 70 పాళ్ళు తేమ యున్నదనుకొందము. ఆరిన తరువాత తేమ నూటికి 10 పాళ్ళకు దిగినది. 60 పాళ్ళు పోయినవి కావున 40 కిలోలు మిగులునని తోచుట సహజము. కాని 10 పాళ్ళనునది ఏ నూటికి? ఆరిన కాయల నూటికి. పచ్చికాయల నూటికి కాదు. ఇందు మారనిది నీరుగాని మొత్తపు తూకముగాని కాదు, కాయలోని ఘనపదార్థము. అది మొదటను 30 కిలోలు, చివరను 30 కిలోలు. ఆరినపిమ్మట ఆ 30 కిలోలు మొత్తమున నూటికి 90 పాళ్ళు కావలెను గాన, మొత్తపు తూకము 33 కిలోలకు కొంచెము పైన నుండును. 40 కిలోలు వచ్చుననుకొని బేరము కుదుర్చుకొన్నవానికి ప్రతి నూరుకిలోలకును ఆరు కిలోలకు పైగా లోటు కనబడును. అతడు కాటాను అనుమానించును, కూలివారిని అనుమానించును. అనుమానింపవలసినది మాత్రము తాను వేసిన లెక్కనే.

ఈ దృష్టాంతములన్నిటిని కలిపి చూచినచో పదసమస్యను సాధించు మార్గము స్పష్టమగును. కలమును కదలించుటకు ముందు చదువరి తన్ను తాను కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను: ఈ కథలో మారు రాశులు ఏవి? మారక నిలుచునది నిష్పత్తియా, లబ్ధమా, భేదమా, లేక దాగియున్న మరియొక పదార్థమా? ఒకటి సున్న యైనప్పుడు రెండవది సున్న యగునా? వచ్చిన సంఖ్యకు కొలత ఏది, అది లోకవ్యవహారమునకు పొసగుచున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకిన తరువాత మిగులునది గుణకారభాగహారములే. అవి పిల్లలకు వచ్చును, యంత్రములకు మరింత బాగుగా వచ్చును.

కావున ఉపాధ్యాయులకు చేయదగిన మనవి యొకటి కలదు. పాఠ్యపుస్తకములోని లెక్కలు ముగిసిన తరువాత, పిల్లలను తమ యూరిలోని కాటాల దగ్గరకు, బట్టీల దగ్గరకు, కల్లముల దగ్గరకు పంపి, అచ్చటి తూకములను వ్రాసికొని వచ్చి తామే పదసమస్యలు కట్టునట్లు చేయవలెను. త్రైరాశికము చెల్లు లెక్క ఒకటి వ్రాసినవానిని చెల్లని లెక్క మరియొకటి వ్రాయుమని యడుగవలెను. చెల్లనిదానిని కల్పింపగల బాలుడు చెల్లుదానిని పొరబడడు. పత్తిని, మిరపను, సున్నమును, నీటిని నిత్యము కొలుచుచుండు సీమలో పిల్లలకు అనుపాతమును నేర్పుటకు ఖర్చుతో కూడిన ఉపకరణములేవియు అక్కరలేదు. ఒక గళ్ళకాగితము, ఒక కాటా, ఏది మారుట లేదో విచారించు నలవాటు, ఇవి చాలును.